కంపెనీ ఇచ్చిన ఉయ్యాల

అమ్మా, నేనూ కడుపులో బిడ్డా కులాసాగానే ఉన్నాం, కంగారుపడకు. మా ఫోను కూడా కంపెనీ ఇచ్చిందే, అందులో ఈ మాటలు చెప్పబుద్ధి కాక కార్డు రాస్తున్నాను. కాలనీ డబ్బాలో వేయను, అమలాపురం వెళ్లి వేస్తాను.

నిన్న రొయ్యల కంపెనీ వెల్ఫేర్ మేడం మా క్వార్టర్‌కి ఉయ్యాల తెచ్చింది. "కాన్పు మన ఆసుపత్రిలోనే చేయించుకోండి, అంతా ఉచితమేనండి. పుట్టింటికి వెళ్లడం ఎందుకండి?" అంది. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లొద్దనడానికి ఆవిడెవరు? ఈయనా, తోటివాళ్లూ యూనియన్ పెట్టిన వారానికే ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టింది? పక్కింటి హన్నాగారు తలుపు దగ్గరగా వేసి మరీ చెప్పేరు: "మా నాన్నగారు పనిచేసిన మిల్లు కాలనీలోనూ ఇల్లూ, బడీ, ఆసుపత్రీ అన్నీ ఇచ్చేరమ్మా. సమ్మెకి దిగగానే ముందు ఆసుపత్రికే తాళం వేసేరు. మా తమ్ముడు దాని మెట్ల మీదే పుట్టేడు."

ఆదివారం నాన్నగారిని పంపు, ఈయన సరేనన్నారు. కొబ్బరి దింపు అయ్యిందా? చెల్లి దగ్గు తగ్గిందా? మామ్మకి నా దణ్ణాలు చెప్పు. అటక మీద నా పాత ఉయ్యాల దించి ఎండలో పెట్టు. వీళ్లు తెచ్చినదాని మీద, బిడ్డకి మనం పేరు పెట్టకముందే, కంపెనీ పేరు చెక్కేసి ఉంది.

నీ దుర్గ