పైపుల పాస్టరు పంపకాలు

అందరూ పైపుల పాస్టరు అని పిలిచే నేను, డెబ్బై ఒకటో ఏట, మా మేడమీది ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని, స్వస్థచిత్తంతో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఏమనగా:

నా గుండె పాతబడిపోయిందని డాక్టరుగారు చెప్పారు. లాగినంతకాలం లాగుతుంది. బుర్ర మాత్రం బాగానే ఉంది. అనుమానమున్నవాళ్ళు ఏ పంపునైనా తెచ్చి నా ముందు పెట్టండి, విప్పి బిగించి చూపిస్తాను.

వకీలుగారు నాకో నమూనా కాగితం ఇచ్చారు. అందులో నేను మొట్టమొదట మార్చింది, దీన్ని ఎప్పుడు చదవాలన్న సంగతి. వీలునామా మనిషి పోయాక చదువుతారు. ఇది అలా కుదరదు. రేపు ఆరాధన అయ్యాక, భోజనాల బల్ల దగ్గర, నేను ఎదురుగా కూర్చుని ఉండగా మా చిన్నవాడు దీన్ని పైకి చదవాలి. వస్తువులు నా తదనంతరమే చేతికొస్తాయి, మాటలు మాత్రం రేపే చెల్లుతాయి. ఎందుకంటే, నా తరవాత మూడేళ్ళుగా ఈ సంఘానికి పాస్టరుగా ఉన్న మా పెద్దమ్మాయి, రేపు కాక ఆ పై ఆదివారం సంఘపెద్దలకు రాజీనామా ఇవ్వబోతున్నది. అది నాకెలా తెలిసిందో ఐదో అంశంలో ఉంది. "ఇలాంటి వీలునామా ఎక్కడా లేదండీ" అన్నారు వకీలుగారు. "లేకపోతే ఇప్పుడుంది కదండీ" అన్నాను.

1. నా స్వార్జితమైన మేడమీది రెండు గదులూ, వంటగదీ, వరండా నా కూతురికీ కొడుక్కీ చెరి సగం దఖలు పరచడమైనది. సర్వహక్కులతో అనుభవించవలసినది. గోడల లోపలి పైపులన్నీ నేను స్వయంగా వేసినవి. ఎవడో వచ్చి నీళ్ళు రావడంలేదని సుత్తి ఎత్తితే ముందు వాణ్ణి ఆపండి. ఏ గోడలో ఏ పైపు ఎటు పోతుందో వంటగది తలుపు లోపలివైపు పెన్సిలుతో గీసి ఉంచాను. ఆ తలుపుకు రంగు వెయ్యకండి.

2. బస్సు నడిపే మా చిన్నవాడికి నా పనిముట్ల సంచీ, పెద్ద రెంచీ, చిన్న రెంచీలు రెండు. నేను సంఘం బాధ్యత తీసుకున్న కొత్తలో "గ్రీజు చేతులతో ప్రభువు బల్ల దగ్గర నిలబడతాడా" అని కొందరు వెనక బెంచీల్లో గొణిగారు. డేరాలు కుట్టుకుని బతికిన అపొస్తలుడి సంగతి వాళ్ళకి చెప్పి గెలుద్దామనుకున్నాను. మీ అమ్మ వద్దంది. "వాళ్ళు అడిగింది సబ్బు గురించి, మీరు వేదాంతం చెప్తే ఎలా?" అంది. ఆ వారం నుంచి ప్రతి శనివారం సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో నా గోళ్ళు ఒక్కొక్కటే తుడిచేది. గొణుగుడు ఆగిపోయింది. చిన్నవాడా, నీ చేతులకీ ఇంజను నూనె అంటుకునే ఉంటుంది. గుడ్డ కూడా సంచీలోనే ఉంది.

3. నా బావమరిదికి నా అల్యూమినియం నిచ్చెన. ఎలాగూ పదకొండేళ్ళుగా అతని ఇంట్లోనే ఉంది. ఇప్పటికైనా చట్టప్రకారం అతనిదవుతుంది కాబట్టి, నన్ను వీధిలో చూసి సందులోకి తప్పుకోవడం మానెయ్యవలసినది.

4. మీ అమ్మ కుట్టుమిషను పెద్దమ్మాయికి. ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. అయినా ఆమెకే. ఈ సంఘం మొదటి ఆరేళ్ళు ఒక టైర్ల గోడౌనులో ఉండేది. ఎండాకాలంలో రబ్బరు కంపుకి పాట మధ్యలో దగ్గులొచ్చేవి. గోనెసంచులు విప్పి, ఉతికి, ఈ మిషను మీదే తెరలు కుట్టి, టైర్లనూ మమ్మల్నీ వేరుచేసింది మీ అమ్మ. ప్రసంగం సాగితే మూడో బెంచీలో కూర్చుని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకునేది. తీసిందంటే ఇక ముగించమని. ఇంట్లో నన్ను దులిపేసేది, గడప దాటితే నా మీద ఈగ వాలనిచ్చేది కాదు.

ఆమె పోయిన మరుసటి ఆదివారం నేనే వాక్యం చెప్పాను. మధ్యలో ఆమె అన్న మాటొకటి గుర్తొచ్చి నవ్వాను. "పెళ్ళాం పోయి వారం కాలేదు, పళ్ళికిలిస్తున్నాడు" అని మెట్లు దిగుతూ ఎవరో అన్నారు. నా మీద వచ్చిన విమర్శలన్నిటిలో నిజంగా గుచ్చుకున్నది అదొక్కటే. ఇంటికొచ్చి వంటగది కుళాయి విప్పి బిగించాను. బాగానే ఉన్నదాన్ని మళ్ళీ విప్పి మళ్ళీ బిగించాను. మూడోసారి విప్పినప్పుడు ఏడుపొచ్చింది. ఆ మాటన్నది ఎవరో తెలుసుకోవాలనిపించలేదు. తెలిస్తే ఆయన ఇంటి కుళాయి సరిగ్గా బిగించగలనో లేదోనని భయం.

5. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దాయనకు, అందరూ అచ్చుతప్పులు అని పిలిచే నా మిత్రుడికి, నా వాలుకుర్చీ. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నా ప్రసంగంలోని తప్పులు ఎర్ర సిరాతో రాసిన చీటీ నా చేతిలో పెడుతూ వచ్చారు. ఆ చీటీలన్నీ రెండు అట్టపెట్టెల్లో ఉన్నాయి. అవీ ఆయనకే. మళ్ళీ దిద్దుకోవచ్చు.

ఈయన భార్యకు బాప్తిస్మం ఇచ్చిన రోజు సంగతి సంఘంలో అందరికీ తెలుసు గానీ, తలొకరూ తలొకరకంగా చెప్తారు కనక అసలు జరిగింది ఇక్కడ రాస్తున్నాను. బాప్తిస్మపు తొట్టి అడుగున నీళ్ళు బయటికి వదిలే కొత్త వాల్వు ముందురోజు నేనే బిగించాను. పాస్టరే ప్లంబరైతే ఇంకొకణ్ణి పిలవడం నామోషీ కదా. బిగించాను గానీ, అది ఎటు తిప్పితే మూసుకుంటుందో గుర్తు పెట్టలేదు. తెల్లారి మూశాననుకుని సగం తెరిచాను. ఆవిడ దిగేటప్పటికి నీళ్ళు నడుముదాకా ఉన్నాయి. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. బాగా వస్తున్నదని సాగదీశాను. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి నీళ్ళు మోకాళ్ళకింద ఉన్నాయి. ఆవిడ పాపం ముందు కూర్చుని, తరవాత పడుకుని, నానా తంటాలూ పడి మునిగింది. లేచి అందరికంటే ముందు ఆవిడే నవ్వింది. ఇక సంఘం ఆగలేదు.

ఆవేళ చీటీలో ఒకటే వాక్యం: "ప్రార్థన నిడివి: తొట్టి ఖాళీ అయ్యేంత."

రెండు రోజులు ఒళ్ళు మండిపోయింది. మూడోరోజు వాళ్ళింటికి పోయాను, పోట్లాడదామనే. స్నానాల గదిలో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. అలవాటు చొప్పున చేతులు ఊరుకోలేదు. అది బిగించి, చేతులు కడుక్కుని, జేబులోని చీటీ తీసి మళ్ళీ చదివితే, నిజమే అనిపించింది. ఆనాటినుంచి నా పద్ధతి అదే. ఎవరేమన్నా ముందు ఏదో ఒక కుళాయి బిగించడం, చేతులు కడుక్కుని అప్పుడు మళ్ళీ చదవడం. అప్పటికీ నిజంగా కనిపిస్తే నన్ను నేను దిద్దుకోవడం, లేకపోతే మడిచి అటకెక్కించడం. నా ప్రార్థనలు పొట్టివని నలుగురూ మెచ్చుకుంటారు. ఆ పుణ్యం ఈయనదే.

పోయిన మంగళవారం ఈయన మా మెట్లెక్కి వచ్చారు. ఎర్ర కలం చేతిలో లేదు. మా అమ్మాయి తన రాజీనామా కాగితాన్ని, ఎలాగూ తప్పులు పట్టేది ఈయనే కదా అని, ముందుగానే దిద్దమని ఈయనకే ఇచ్చిందట. "రెండుసార్లు చదివానండీ. ఒక్క తప్పూ దొరకలేదు. అదే భయంగా ఉంది" అన్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన కళ్ళు చెమర్చడం అప్పుడే చూశాను. అమ్మా, గుట్టు బయటపెట్టారని ఆయనమీద కోపం పెట్టుకోకు. నేనైతే ఆయనకి కుర్చీ ఇచ్చింది అందుకే.

6. సంఘానికి నా ఆస్తిలో ఏమీ లేదు. ఒక షరతు మాత్రం రాసిపెడుతున్నాను, చెల్లదని వకీలుగారు చెప్పినా సరే. మీ పాస్టరును విమర్శించండి. పాస్టరంటే ఆకాశం నుంచి ఊడిపడినవాడేం కాదు. కాని కింద సంతకం పెట్టండి. మా అమ్మాయికి మూడేళ్ళలో చాలా మాటలు వచ్చాయి. పొద్దున నర్సు ఉద్యోగం, సాయంత్రం పాస్టరుగిరీ, రెండు పడవల మీద కాళ్ళు అన్నారు. ఆడగొంతు వెనకదాకా అందదన్నారు. అవన్నీ ముఖానే అన్నారు, ఆమె ముఖానే జవాబు చెప్పింది. మైకు కూడా మార్పించింది. ఆమె చేత కలం పట్టించింది వేరే. అదొక ఆకాశరామన్న ఉత్తరం, రాజీనామా కాగితంలో ఆమే ఎత్తిరాసిందట: "నువ్వు మీ నాన్న కాలిగోటికి చాలవు. ఆయన ఏమీ అనడంలేదంటే ఆయనకీ అదే అభిప్రాయమని అర్థం."

ఆ ఉత్తరం రాసినవాళ్ళెవరో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. వాళ్ళను తిట్టే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో చెప్తాను. ఇది మీ అమ్మకూ ఇంకొక్కరికీ తప్ప ఎవరికీ చెప్పలేదు.

7. నా ఇరవై ఏడో ఏట, ఇదే సంఘంలో నాకంటే ముందున్న పాస్టరుగారికి నేనూ ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను. మంచి మనిషి, మాట నెమ్మది. నాకేమో కుర్రతనం, నోటిదూల. "మీ ప్రసంగం వాషరు అరిగిన కుళాయిలాంటిది, చుక్క చుక్క పడుతుందే గానీ బిందె నిండదు" అని రాసి, ఎంత బాగా రాశానో అని మురిసిపోయాను కూడా. రెండు నెలల్లో ఆయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయారు. కొత్తవారు దొరికేదాకా ఒక నెల వాక్యం చదివిపెట్టమని పెద్దలు నన్నే అడిగారు. ఆ నెల నలభై ఒక్క ఏళ్ళు సాగింది. దేవుడికి హాస్యం తెలియదని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి.

ఆరేళ్ళ తరవాత వేరే ఊళ్ళో ఒక స్కూల్లో మోటారు బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు, స్టోరుగదిలో సుద్దముక్కల డబ్బాలు సర్దుతూ ఆయన కనిపించారు. కాళ్ళమీద పడి ఒప్పుకున్నాను. ఆయన నన్ను లేపి స్టూలు మీద కూర్చోబెట్టారు. "నీ ఉత్తరం వల్ల వెళ్ళలేదు నాయనా. అందులో సగం నిజమే. అది వచ్చిన తరవాత రెండు నెలలు చూశాను, కాదు, మీ మాట మాకు పనికొచ్చింది అని ఒక్కడైనా అంటాడేమోనని. ఒక్కడూ అనలేదు. అందుకు వెళ్ళాను" అన్నారు.

ఈ మాట ఆయన నోటితో విన్నవాణ్ణి. ముప్ఫై ఎనిమిదేళ్ళు గుర్తుంచుకున్నవాణ్ణి. సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి మూడేళ్ళు నోరు మెదపలేదు.

8. ఈ వీలునామాను అమలు జరపడానికి వకీలుగారిని నియమించడమైనది. ఇదే నా మొదటి, చివరి వీలునామా. దీనికి భిన్నంగా ఎవరేమి చూపించినా చెల్లదు. ఈ అంశం అన్నిటికంటే కింద ఉండాలని ఆయన పట్టుబట్టారు. కింద నాకు వేరే పని ఉంది.

9. పెద్దమ్మాయికి.

అమ్మా, బిడ్డను ఎదుట పొగడకూడదని మా అమ్మ మమ్మల్ని పెంచింది. నేనూ నిన్ను అలాగే పెంచాను. నా మౌనానికి సగం కారణం అది. మిగతా సగం కూడా రాస్తాను, ఇంత వయసొచ్చి అబద్ధమెందుకు. నీ మాటకు జనం కళ్ళు తుడుచుకున్నప్పుడు నాకు కాస్త కుళ్ళుగా ఉండేది. నలభై ఒక్క ఏళ్ళలో నాకు ఎవరూ అలా తుడుచుకోలేదు, గడియారం చూసుకునేవాళ్ళు. నన్ను క్షమించు.

నువ్వు సంఘంలో ఉండాలని శాసించే అధికారం ఈ కాగితానికి లేదు. ఆ వేదిక నాది కాదు, నీకు రాసివ్వడానికి. అలసిపోయి మానెయ్యదలిస్తే మానెయ్యి, ప్రభువు అప్పుడూ నీతోనే ఉంటాడు. నాన్న అభిప్రాయం వల్ల మాత్రం మానకు. నాన్న అభిప్రాయం ఏమిటో నీకు ఎవరూ చెప్పలేదు. ఇదిగో, నేను చెప్తున్నాను.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం కరెంటు పోయింది. నువ్వు వేదిక దిగి బెంచీల మధ్యకి వచ్చి నిలబడ్డావు. గట్టిగా మాట్లాడావు, వెనక గోడ దగ్గరున్న నాకు ప్రతి అక్షరమూ వినబడింది. "దేవుడు పనివాళ్ళ కోసం వెతకడంలేదు, ఇంట్లోవాళ్ళ కోసం వెతుకుతున్నాడు" అన్నావు. నా దగ్గర కాగితం లేక అరచేతిమీద పెన్సిలుతో రాసుకున్నాను.

ఆ తరవాత మూడు వారాలకు నేను ఆసుపత్రిలో పడ్డాను. చేతికి సూది, ముక్కుకి గొట్టం. మంచినీళ్ళ గ్లాసు ఎత్తుకోలేకపోయాను. జీవితమంతా పనివాణ్ణి నేను, దేవుడికి పనికొస్తున్నాను కాబట్టే ఆయన నన్ను ఉంచుకున్నాడని లోపల్లోపల నమ్మినవాణ్ణి. ఇక పనికిరానని తెలిసినప్పుడు నాకు చాలా భయమేసింది. అప్పుడు నా ప్రసంగాలు రెండు వేలలో ఒక్కటీ గుర్తు రాలేదు. నీ మాట గుర్తొచ్చింది. దాన్ని పట్టుకుని పడుకున్నాను, భయం తగ్గింది, నిద్ర పట్టింది.

నా కూతురివని ఇది రాయడంలేదు. నువ్వు నా పాస్టరువి.

తేదీ: పద్నాలుగు, శనివారం, ఉదయం పదిన్నర.

(సంతకం) పైపుల పాస్టరు

సాక్షులు:
1. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దాయన
2. కింది అంతస్తు మందుల షాపు ఆవిడ