మందుల డబ్బాలో ఉల్లిపాయ

మంగళవారం, తార్నాక

మళ్లీ బంద్. ఓపిక లేకపోయినా పాప మందుల డబ్బా సర్దాను. దూది, కట్టుగుడ్డ ఉన్నాయి. జ్వరం సిరప్ గడువు దాటిపోయింది. అడుగున ఉల్లిపాయ మొలకెత్తింది.

పోయిన నెల పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో పోలీసులు వదిలిన టియర్ గ్యాస్ మా ఇంట్లోకి వచ్చినప్పుడు, కింది వాటా యాదమ్మక్క చెప్పింది: "పిల్ల కండ్లు మండుతయి చెల్లే. తడి రుమాలుకు గుడ్డ, మంట తగ్గేటట్టు వాసన సూపెట్టనీకి ఒక ఉల్లిగడ్డ గా డబ్బలనే పెట్టుకో."

ఎన్నాళ్లిలా అని విసుగొచ్చి, సిరప్‌తో పాటు ఉల్లిపాయనూ చెత్తబుట్టలో పడేశాను.

సాయంత్రం పాప వంటింట్లోంచి కొత్త ఉల్లిపాయ తెచ్చి డబ్బాలో పెట్టింది.

"పాతది పాడైపోయిందిగా అమ్మా," అంది.

దానికింకా నాలుగేళ్లు నిండలేదు. మూత పెట్టేశాను. సిరప్ రేపు మందుల షాపు తెరిస్తేనే. ఉల్లిపాయ మాత్రం సిద్ధంగా ఉంది.