లోపలివాళ్ల పట్టికలో మీ అక్క

ఇంటినుంచి,
మంగళవారం మధ్యాహ్నం.

బావమరిది గారికి,

అక్కడ మీరంతా బాగున్నారని అనుకుంటున్నాను. ఇక్కడ నేను ఉన్నాను. కుశలప్రశ్నలకి ఈ మాత్రం చాలు. నీకు ‘గారు’ తగిలించడం నా జన్మలో ఇదే మొదలు. ముప్ఫై ఏళ్లుగా మాటల్లేని మనిషిని ‘ఒరేయ్ చంటీ’ అని పిలవడానికి కలం సాగలేదు. డెబ్బై దాటినవాణ్ని చంటీ అని పిలిచే హక్కు మీ అక్క ఒక్కదానికే ఉండేది. ఆవిడ కూడా వెళ్లిపోయింది కనుక, పాపం, నువ్వు ఉన్నట్టుండి పెద్దవాడివైపోయావు.

ముందు నువ్విచ్చిన మాట సంగతి. మన సూదుల కంపెనీ షేర్లు మొదటిసారి బజారులోకి వెళ్లిన రోజు నీకు గుర్తుందా? కుట్టుమిషన్ సూదులు చేసే ఆ రేకుల షెడ్డులో, వైరు చుట్టల మీద కూర్చుని ఇద్దరం గ్లాసుల్లో టీ తాగుతున్నాం. అప్పుడన్నావు, బావా, రేపట్నుంచి మొహం తెలియనివాళ్లంతా మనకి భాగస్తులవుతారు, వాళ్లు ఎటు పోతే పోనీ, మనింట్లోవాళ్లం మాత్రం ఎప్పుడూ ఒకే ఓటు, నువ్వెటంటే నేనటు, అని. నేను అడగలేదు. నువ్వే చెయ్యి చాపి నా చేతిలో వేశావు. నీ చేతికున్న మిషను నూనె నా చేతికీ అంటింది. సబ్బుతో కడిగితే నూనె పోయింది. నీ మాట పోవడానికి సబ్బు కూడా అక్కర్లేకపోయింది.

ముప్ఫై ఏళ్ల కిందటి ఆ సర్వసభ్య సమావేశం గురించి నీకు నేను చెప్పేదేముంది. అద్దె హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడవారగా తాళం వేసిన ఓట్ల పెట్టె. మన షేర్లు కొన్న పెన్షన్ ఫండు తరఫున వచ్చినతను మెడలో కార్డు వేసుకుని లేచాడు. మన సూది ఒక్కటైనా చేత్తో పట్టుకుని ఎరగడు. మాకు ఎవరిమీదా కోపం లేదండీ, సూదులకి మెరుగు పట్టించే పూత గదిలో ఆమ్లాల ఆవిరి బయటికి పోయే దారి లేదు, పనివాళ్ల ఊపిరితిత్తులు పాడవుతున్నాయి, ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు, అందుకని మేనేజింగ్ డైరెక్టర్, అంటే నేను, మారాలి అన్నాడు. నేను లేచి, ఏసీలో కూర్చుని పీల్చేవాళ్లకి ఆవిరి సంగతి బాగా తెలిసినట్టుందే అన్నాను. హాలంతా నవ్వింది. నువ్వూ నవ్వావు. ముందు వరసలో మీ అక్క ఒక్కతే నవ్వలేదు. ఆవిడకి నా జోకులు ఎప్పుడూ ఆలస్యంగానే అర్థమవుతాయి.

పెన్షన్ ఫండులాంటి సంస్థల ఓట్లన్నీ అటు పడతాయని నాకు తెలుసు. అయినా మనింటి వాటాలన్నీ కలిస్తే నెగ్గుతాం, లెక్క చూసుకునే హాలుకి వచ్చాను. పెట్టె తెరిచి లెక్కపెట్టాక మనవైపు రావలసినవాటిలో నూటికి ఐదు తగ్గాయి. ఆ ఐదూ అటు చేరాయి. ఐదు ఎవరివి? నీవి. బయట కారు దగ్గర నిన్ను పట్టుకుని, ఎవడ్రా అది అన్నాను. నువ్వు గేటు వైపు చూశావు. మీ అక్క అప్పటికే గేటు దాటి నడిచి వెళ్లిపోతోంది, నలుగురి మధ్య నిలబడలేక వెళ్తోంది పాపం అనుకున్నాను. నువ్వు నా చొక్కా గుండీలు చూస్తూ, నేనే బావా, అన్నావు. ఇంకేమైనా అంటావేమోనని ఆగాను. కారెక్కి తలుపు వేసుకున్నావు.

రాజుల చరిత్రలు బోలెడు చదివాను, నీకు తెలుసు. గోడలు బద్దలై పడిపోయిన కోటలు అందులో బహు తక్కువ. ఎవడో ఒకడు లోపల్నుంచి గడియ తీస్తాడు. వాడి పేరు మాత్రం చరిత్రకారులు ఎందుకో సరిగ్గా రాయరు. నేను రాస్తూనే ఉన్నాను, మనసులో, రోజూ.

నీ మోకాళ్లు రెండూ మార్పించావని మందుల షాపతను చెప్పాడు. ఇప్పుడు బాగా వంగుతున్నాయా? ఫండువాళ్ల ముందు వంగి వంగి అరిగిపోయి ఉంటాయి. సరే, కోపం తెచ్చుకోకు, ఉత్తరం చివరిదాకా చదువు. నీతో పని ఉంది.

మూడు నెలలకోసారి కంపెనీ తన షేర్లు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో పట్టిక వేసి ప్రకటించాలి కదా. నేను తప్పకుండా చూస్తాను. కింది భాగంలో సంస్థలు: పెన్షన్ ఫండు, బీమా కంపెనీ, ఇంకా నోరు తిరగని పేర్ల ఫండ్లు నాలుగైదు. పైభాగంలో లోపలివాళ్లు, అంటే కంపెనీ పెట్టినవాళ్లు, వాళ్ల కుటుంబాలు. కిందటేడు ఊరికే చూసొద్దామని ఫ్యాక్టరీకి వెళ్తే గేటు దగ్గర సెక్యూరిటీ అతను, ఏం పనండీ, ఎవర్ని కలవాలి, ముందే చెప్పారా, అని నిలబెట్టేశాడు. పట్టికలో మాత్రం నేను లోపలివాణ్నే. నవ్వుకో.

ఇప్పుడా పైభాగంలో మూడే పేర్లు. నాది నూటికి ఒకటి. మిగతాదంతా బ్యాంకు తాకట్టులో కరిగిపోయింది. నీవి ఐదు. మీ అక్కవి ఐదు.

అవును, మీ అక్క పేరు ఇంకా ఉంది. ఆవిడ పోయిన సంగతి నేను వాళ్లకి రాయలేదు. రాయకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? షేర్ల రికార్డులు చూసే ఆఫీసు నుంచి ఒక అమ్మాయి అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. మేడం గారున్నారా అండీ అంటుంది. బయటికెళ్లారమ్మా అంటాను. ఎప్పుడొస్తారండీ అంటుంది. చెప్పి వెళ్లలేదమ్మా అంటాను. సరేనండీ, మళ్లీ చేస్తాను, అని ఎంతో మర్యాదగా పెట్టేస్తుంది. ఫోను పెట్టేశాక చాలాసేపు నేను కూడా వీధి తలుపు వైపు చూస్తూ కూర్చుంటాను.

ఇంకో సంగతి. ఎవరితోనూ అనకు, మతి తప్పిందంటారు. మధ్యాహ్నం భోజనమయ్యాక కాస్త కళ్లు మూసుకుంటే ముందుగదిలో గాజుపలక మీద సూదులు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తుంది. మొదటి రోజుల్లో మీ అక్క అలాగే పరీక్ష చేసేది కదా. తిన్నని సూది సాఫీగా దొర్లుకుంటూ పోతుంది. వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది, ఆవిడ దాన్ని ఏరి పక్కన పెడుతుంది. ఆ పలక పగిలిపోయి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. లేచి వెళ్తే ఏమీ ఉండదు, కుర్చీ, కిటికీ, ఎండ. వచ్చి పడుకుంటే మళ్లీ మొదలు. దయ్యాల గురించి నేను చదివినంత ఎవరూ చదివి ఉండరు. పుస్తకాల్లో దయ్యం ఏదో ఒకటి అడుగుతుంది, పగో, దాహమో, న్యాయమో. ఇది ఏమీ అడగదు. దాని పని అది చేసుకుపోతుంది. ఏదో ఒక సూది దగ్గర చప్పుడు ఆగుతుంది, చూడు, అప్పుడు నాకు ఒళ్లు చల్లబడుతుంది.

ఇప్పుడు పని. పెన్షన్ ఫండు నుంచి నీకూ కాగితాలు వచ్చే ఉంటాయి. అందరి షేర్లూ కొనేసి కంపెనీని బజారు నుంచి తీసేస్తారట. నూటికి తొంభై చేతికొస్తే చాలట. ఆ తర్వాత పట్టిక ఎవరికీ చూపించక్కర్లేదు, మిగిలినవాళ్లకి ఇంత అని చేతిలో పెట్టి పేర్లు కొట్టేస్తారు. నావీ మీ అక్కవీ కలిపితే ఆరు. ఆరుతో వాళ్లు ఆగరు. నీ ఐదూ కలిస్తే పదకొండు, వాళ్లకి తొంభై అందదు, ఆగక చస్తారా.

మీ అక్క అమ్మదు, ఆ భరోసా నాకుంది. పోయినవాళ్లంత నికరమైన వాటాదారులు ఇంకెక్కడా దొరకరు, ధర ఎంత పెంచినా కదలరు. నా ఒక్కటీ నేను అమ్మను. మిగిలింది నువ్వు. వాళ్లిచ్చే ధర మంచిదేనని నాకూ తెలుసు. నీకు మోకాళ్ల ఖర్చు అయింది, నీ కూతురు ఇల్లు కట్టుకుంటోందని కూడా విన్నాను. అయినా అడుగుతున్నాను. ఇన్నేళ్లలో నిన్ను ఏదీ అడగలేదు. మీ అక్క పోయిన రోజు నువ్వు ఎదురు పేవ్‌మెంటు మీద గొడుగు వేసుకుని నిలబడితే, తలుపు వేసెయ్యమని పక్కింటాయనతో చెప్పినవాణ్ని. అలాంటివాణ్ని రాసి అడుగుతున్నాను, షేర్లు అమ్మవద్దు. ఆవిడ పేరు బతికున్నవాళ్ల మధ్య అచ్చులో కనిపించే చోటు లోకంలో అదొక్కటే మిగిలింది. అది కూడా ఫండువాళ్లు తుడిచేస్తే నేను మూడు నెలలకోసారి దేనికోసం కళ్లద్దాలు తుడుచుకోవాలి?

ఒకసారి మాట తప్పావు. ఈసారి మాట ఇవ్వక్కర్లేదు, ఊరికే కదలకుండా కూర్చో, అంతే. మోకాళ్లకీ మంచిది.

ఇట్లు,
గేటు బయట నిలబడ్డ లోపలివాడు,
నీ బావ.

తా.క. కవరు అంటించి, జిగురు ఆరకముందే మళ్లీ విప్పాను.

మీ అక్క పోయిన వారానికి పూత గది మేస్త్రి వచ్చాడు. మెట్ల మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని పైకెక్కాడు. అమ్మగారే లేకపోతే నేను ఎప్పుడో పోయేవాణ్నండీ అన్నాడు. మందులిప్పించి ఉంటుంది అనుకున్నాను. మందులు కాదండీ, ఓటు, అన్నాడు. మీటింగయ్యాక ఆవిడ నడుచుకుంటూ నేరుగా వాళ్లింటికే వెళ్లిందట. మంచినీళ్లు అడిగి తాగిందట. రేపట్నుంచి ఆ గది ఉండదయ్యా, నువ్వు ఇంక అందులో అడుగుపెట్టొద్దు, అందట. నేను వేసిన చీటీతోనే ఆయన కుర్చీ పోయింది, తమ్ముడేమో తనే వేశానని చెబుతానంటాడు, వద్దంటే వినడు, అని ఏడ్చిందట. ఇదంతా చెప్పి మేస్త్రి నా మొహం చూసి భయపడ్డాడు. మీకు తెలుసు కదండీ అన్నాడు. తెలుసులేవయ్యా అన్నాను. ఏమనమంటావు మరి?

మీ నాన్నగారు కొడుకూ కూతురూ అని తేడా చూడకుండా మీ ఇద్దరికీ షేర్లు సమానంగా కొనిపెట్టారు. తగ్గిన ఐదూ నీ ఐదే అని ముప్ఫై ఏళ్లు నీ మీద పళ్లు నూరాను. ఆవిడవీ ఐదేనని నాకు తట్టనే లేదు. ఆవిడ సంతకం పెట్టే మనిషే గాని ఓటు వేసే మనిషి అని ఎప్పుడనుకున్నాను గనక? ఆ రోజు చీటీ మీద గుర్తు పెట్టడానికి పెన్ను మూత తీసి ఆవిడ చేతికిచ్చింది నేనే.

పై పేజీలన్నీ చింపి మళ్లీ రాద్దామనుకున్నాను. తిట్లు తీసేస్తే నీతో మాట్లాడడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు. అందుకని ఉంచేశాను. చెయ్యని నేరానికి నిన్ను క్షమించడం ఎలాగో కూడా నాకు తెలియదు.

పూత గది సంగతి నన్ను అడగకు. కుర్చీ సంగతి కూడా వద్దు. నేను నీ పేరెత్తి అరిచినప్పుడల్లా ఆవిడ ఎదురుగా కూర్చుని నా చొక్కాలకి గుండీలు కుడుతూ, పోనివ్వండి, వాడి బతుకు వాణ్ని బతకనివ్వండి, అనేది. ఒక్కసారి తలెత్తి, వాడు కాదండీ, నేను, అంటే ఏం పోయేది? నేను కంచం విసిరేసేవాణ్ని. నాలుగు రోజులు మాట్లాడేవాణ్ని కాదు. అయిదో రోజు మాట్లాడేవాణ్ని. నాకు ఆ తగువు దక్కనివ్వలేదు. నీకు అక్క ఇంటి గుమ్మం దక్కనివ్వలేదు.

అందుకే ఆ పేరు అక్కడ ఉండాలి, చంటీ. కనీసం పేరైనా లేని మనిషితో నేను ఎలా పోట్లాడను? తప్పు ఫండువాళ్లదని ఒకప్పుడన్నాను, నీదని ఇన్నేళ్లు అన్నాను. ఇప్పుడూ, ఇకముందూ నేను తప్పు పట్టేది ఒక్క మనిషినే, మీ అక్కని.