చప్పుళ్ల గడి

చెల్లాయికి,

అన్నయ్య దీవిస్తూ రాసేది. ఇక్కడ నేనూ నా రేడియో ఇద్దరం క్షేమం. పొద్దున్నే గొంతు విప్పడానికి దానికి నాలుగు నిమిషాలు పడుతోంది, కాళ్లు విప్పడానికి నాకు ఆరు. నువ్వూ, బావగారూ, నా మేనకోడలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి నలభై రోజులైంది. మూడో రోజుకల్లా జవాబు రాసే మనిషినని నీకు తెలుసు. ఈసారి ఆలస్యమైంది. ఎందుకో రాస్తాను. ముందు నువ్వడిగినవి చెప్పనీ.

వంటింటి కప్పు కారడం ఆగింది. నేనే ఎక్కి తారు పూశాను. కింది వాటా టైలరమ్మ నిచ్చెన పట్టుకుంది. "పడితే పట్టుకోవడం నా వల్ల కాదండీ, ముందే చెప్తున్నా. పక్కకి జరుగుతా" అంది. పడలేదు. పనికి ఇంకా వెళ్తున్నాను. ఇప్పుడన్నీ అంకెలు వెలిగే త్రాసులే. ముల్లున్న త్రాసు బాగుచేసేవాణ్ని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్నే మిగిలాను. వారానికి రెండో మూడో వస్తాయి. ముల్లు సున్నా మీద నిలబడేదాకా కదిలించుకుంటూ కూర్చుంటే పొద్దు పోతుంది.

టేపులు ఉంచానా, అమ్మేశానా అని బావగారు అడిగారన్నావు. ఉంచాను. టేపు చుట్టిన చక్రాలు మూడు వందల పన్నెండు. బీరువా పక్క గోడంతా అవే.

ఇక నీ ఆఖరి పేరా. అది ఇప్పుడు నా ఎదురుగానే ఉంది. "అమ్మమ్మ గొంతు ఎలా ఉండేదని అమ్మాయి అడిగిందన్నయ్యా. అమ్మ నన్ను పిలిచినట్టు పిలిచి చూపిద్దామనుకున్నాను. రాలేదు. మూడుసార్లూ నా గొంతే వచ్చింది. నీ దగ్గర అన్ని టేపులున్నాయిగా. ఎక్కడో ఒకచోట అమ్మ మాట్లాడే ఉంటుంది. అది పంపు" అని రాశావు.

నువ్వు అత్తవారింటికి వెళ్లిన మరుసటి ఏడు నేను రికార్డరు కొన్నాను. అందుకని మా రికార్డింగ్ ఎలా సాగేదో నువ్వు చూడలేదు. నాకు ఎవరూ నేర్పలేదు. రేడియో లోంచి రికార్డరుకు తీగ కలపొచ్చని కూడా చాలా కాలం తెలీదు. రేడియో ముందు మడతపెట్టిన దుప్పటి, దాని మీద మైకు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నాటకం. పది నిమిషాల ముందు నుంచే ఇల్లంతా నోరు మూసుకోవాలి. కిటికీలు వేసేవాళ్లం, ఫ్యాను ఆపేవాళ్లం. అమ్మ గోడ గడియారాన్ని దించి, తువ్వాల్లో చుట్టి, "కాసేపు పడుకో" అని దానికి చెప్పి బీరువాలో పెట్టేది. కారే కుళాయికి ఓ దారం కట్టింది. నీటిచుక్క చప్పుడు లేకుండా దారం వెంట జారిపోయేది. ఆ ఉపాయం అమ్మదే, నాకు తట్టలేదు.

"మీ ఇంట్లో గాలి పీల్చాలన్నా మీ వాడి పర్మిషన్ కావాలా పిన్నిగారూ?" అని టైలరమ్మ అడిగేది.

"పీల్చుకోవచ్చమ్మా. వదలడానికే కావాలి" అనేది అమ్మ.

రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగింది పుస్తకంలో రాసే అలవాటు నాకుంది కదా. టేపులకు వేరే పుస్తకం పెట్టాను. తేదీ, నాటకం పేరు, ఎన్ని నిమిషాలు, చివర్న చప్పుళ్లకు ఒక గడి. కుక్క అరిస్తే ఆ గడిలో రాసేవాణ్ని. లారీ పోతే రాసేవాణ్ని. అమ్మ మాట్లాడితే అదీ రాసేవాణ్ని, ఎన్నో నిమిషంలో ఏమందో.

తర్వాత బ్లేడు తీసుకుని కూర్చునేవాణ్ని. చప్పుడు పడినచోట టేపును ఏటవాలుగా కోసి, ఆ ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి అతికేవాణ్ని. రంగానికీ రంగానికీ మధ్య వాయిద్యం వచ్చేచోట పడ్డ చప్పుడైతే కోయడం సులువు, నాటకంలో ఒక్క మాట కూడా పోదు. పాత్రలు మాట్లాడుతుండగా పడితే కోయడానికి లేదు. అప్పుడు బుధవారం దాకా ఆగేవాణ్ని. ఆదివారం నాటకాన్నే బుధవారం మళ్లీ వేసేవాళ్లు. పాతదాని మీదే మళ్లీ ఎక్కించేవాణ్ని.

అమ్మకు ఇదంతా తెలుసు. అందుకని ఏదైనా చెప్పాలనిపిస్తే వాయిద్యం వచ్చేదాకా ఓపిక పట్టేది. నాకు కోయడానికి వీలుగా ఉండాలని. ఆదివారం సాయంత్రం నా కుర్చీ కింద గోధుమరంగు టేపు ముక్కలు రాలి ఉండేవి. అమ్మే ఊడ్చేది. "ఏరా, ఇందులో నావెన్ని?" అని అడిగేది. లెక్క చెప్పేవాణ్ని. "నా మాటలు నేనే ఊడ్చి పారేసుకోవాల్సి వచ్చింది చూడు" అని నవ్వుతూ చేటలోకి ఎత్తేది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి టేపులన్నీ మొదటి నుంచి విన్నాను. అతుకు దగ్గర చిన్నగా టక్కుమంటుంది, అలవాటు లేని చెవికి వినపడదు. అక్కడ ఆపి పుస్తకం తీసి చూస్తాను. పన్నెండో నిమిషం, అమ్మ, "ఈ అమ్మాయి వాణ్ని నమ్మి చెడుతుందిరా." ఇరవయ్యో నిమిషం, అమ్మ, "చెల్లాయి ఉంటే ఈపాటికి ఏడ్చేది." ఏం మాట్లాడిందో అక్షరం పొల్లుపోకుండా నా దగ్గర ఉంది. గొంతు లేదు. అంత శుభ్రంగా కోశాను.

దొరకలేదని రెండు ముక్కలు రాసి పోస్టులో వేసి ఉంటే నీకు సరిపోయేదేమో. కానీ పుస్తకం తిరగేస్తుంటే చివరి ఏడు పేజీలు వచ్చాయి. వాటి సంగతి నీకు పంతొమ్మిదేళ్లుగా చెప్పలేదు.

అమ్మ పోయినప్పుడు నువ్వు నన్ను పక్కకి పిలిచి, "దగ్గు ఎప్పట్నుంచి ఉందన్నయ్యా?" అని అడిగావు. రెండు వారాలన్నాను. ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడూ అదే చెప్పాను. ఆ డాక్టరమ్మ ఎక్స్-రే వెలుగుకు పట్టి చూసి, "రెండు వారాలేనా? సరిగ్గా గుర్తు తెచ్చుకోండి" అంది. రెండు వారాలేనన్నాను. నిజానికి అయిదు నెలలు. నా పుస్తకంలో తేదీలతో సహా ఉంది. చప్పుళ్ల గడిలో "అమ్మ దగ్గు, రెండు" అని మొదలైంది. నెల తిరిగేసరికి అయిదు. తర్వాత తొమ్మిది. ఓ ఆదివారం పద్నాలుగు. పద్నాలుగు అని రాసి కింద గీత కూడా గీశాను. ఆ గీత టేపు పాడైందని, చెల్లాయ్. అమ్మ గురించి కాదు.

ఆ తర్వాత వరసగా నాలుగు వారాలు ఆ గడిలో "ఏమీ లేవు" అని ఉంది. ఒకచోట "చాలా శుభ్రం" అని కూడా రాశాను. తగ్గిపోయిందని కాదు. ఆదివారం మూడు కాగానే అమ్మ శాలువా కప్పుకుని, తలుపు చప్పుడవకుండా దగ్గరికి వేసి, బయట మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. అవి చలి రోజులు. రెండో వారం టైలరమ్మ పైకొచ్చి, "పిన్నిగారు మెట్ల మీద కూర్చుని ఒకటే దగ్గుతున్నారండీ, కాస్త చూడండి" అని తలుపు సందులోంచి చెప్పింది. నేను మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "అయిపోవచ్చింది, పది నిమిషాలు" అన్నాను. నాటకం అయ్యాకే వెళ్లి పిలిచాను. చేతులు చల్లబడి ఉన్నాయి. "బాగా వచ్చిందా?" అని అడిగింది.

ముందే తీసుకెళ్తే బతికేదేమోనని డాక్టరు అనలేదు. అడిగితే ఏమనేదో తెలీదు. అడగకుండా ఉండటానికే రెండు వారాలని చెప్పాను. నీకూ అందుకే అలా చెప్పాను. రోజూ జరిగింది జరిగినట్టు రాసుకునే మనిషినని నన్ను నేను అనుకుంటూ వచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వడిగింది ఒక్కచోట ఉంది. పద్నాలుగు దగ్గుల ఆదివారానిదే. అందులో ఒకటి నాటకంలో అమ్మాయి మాట్లాడుతుండగా పడింది, కోయడానికి కుదరలేదు. ఆ బుధవారం రోజంతా కరెంటు లేదు, మళ్లీ ఎక్కించలేకపోయాను. పుస్తకంలో "సరిచేయలేదు" అని ఉంది. పాడైన టేపు కదా అని పంతొమ్మిదేళ్లలో ఒక్కసారీ వినలేదు. అది దొరికి ఇరవై రెండు రోజులైంది. పంపాలంటే ఆ దగ్గు ఏమిటో నీకు చెప్పాలి. అందుకే ఇన్నాళ్లు పట్టింది.

నీ దగ్గరున్నది క్యాసెట్టు యంత్రమే కాబట్టి క్యాసెట్టులోకి ఎక్కించాను. కింది వాటా టైలరమ్మను పిలిచి వినిపించాను. విని, "ఆవిడే" అంది. వెళ్తూ వెళ్తూ మెట్ల మీద కాసేపు ఆగింది.

పదిహేడో నిమిషం నుంచి విను. ముందు దగ్గు వస్తుంది. ఆపుకోబోయి ఆపుకోలేని దగ్గు. తర్వాత అమ్మ మెల్లగా, "అయ్యో, పాడు చేశానా నాన్నా?" అంటుంది. దాని వెనకే "ష్" అని వినపడుతుంది. అది నేను. అమ్మా నేనూ మాట్లాడుకున్నదాంట్లో మిగిలింది అదే. అమ్మాయికి అమ్మమ్మ గొంతు మాత్రం చాలనుకుంటే ఆ "ష్" ముందే ఆపెయ్యి. కోసి పంపుదామని బ్లేడు తీశాను. మళ్లీ పెట్టేశాను.

క్యాసెట్టుతో పాటు ఆ ఏడు పేజీలూ పంపుతున్నాను. నకలు కాదు, అసలువే. నీ దగ్గరే ఉండనీ.

జవాబు ఉత్తరంగా రాయొద్దు. క్యాసెట్టు రెండో వైపు ఖాళీగా ఉంచాను, అందులో మాట్లాడి పంపు. కిటికీలు వెయ్యొద్దు, ఫ్యాను ఆపొద్దు. అమ్మాయి మధ్యలో మాట్లాడితే మాట్లాడనీ, బావగారు తుమ్మితే తుమ్మనీ. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. ఏమీ అనాలనిపించకపోతే బటన్ నొక్కి ఊరికే ఓ అరగంట వదిలేసినా సరే, మీ ఇంటి చప్పుడు వింటాను. ఏదీ కొయ్యను.

ఇట్లు,
నీ మాట కోసం చూస్తూ,
మీ అన్నయ్య