మగచెట్లు లేని కొండ

మనీజా నాన్నగారికి,

సావ్రీగుల్ సలాములు. ఇక్కడ అత్తయ్య, మనీజా, నేను, ఆవూ గాడిదా అందరం కులాసాగానే ఉన్నాం. అక్కడ అప్పుడే మంచు మొదలైందటగా, మిమ్మల్ని దేవుడు చల్లగా చూడాలి. మా తమ్ముడు నోజిమ్ మీరుండే త్యుమేన్‌కు బస్సెక్కుతున్నాడు కాబట్టి ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. ఫోన్లో అయితే సగం మాటలు అత్తయ్య లాక్కుంటారు, మిగతా సగం గాలి లాక్కుపోతుంది.

మీరడిగినవి ముందు చెప్పేస్తాను. అత్తయ్య మోకాలు నయం. పొద్దున్నే ఎండలో గుమ్మం ముందు కూర్చుని ఊరి కోడళ్ళందరి మీదా తీర్పులు చెబుతున్నారు. మీరు పంపిన బూట్లు మనీజాకు సరిపోయాయి. ఎంత ఎండ కాసినా విప్పనంటోంది. "గాడిదెక్కి తిరిగే నిన్ను చూసి జనం ఇంకా నవ్వుతున్నారా?" అని అడిగారు. నవ్వుతున్నారు. కాకపోతే ఇప్పుడు నవ్వాక, ఓ ఎండు కొమ్మ నా ముందు పెట్టి "దీనికేమైందో కాస్త చూడు" అంటున్నారు.

చిన్న రైతుల చేత పిస్తా, బాదం తోటలు వేయించే ఆఫీసులో చేరిన దగ్గర్నుంచీ నాది గాడిద మీది బతుకే. ఊరూరా తిరిగి అంటు కట్టడం నేర్పాలి, ఏ కొమ్మ కోయాలో చూపాలి, చివరికి అందరి పంటా ఒకచోట పోయించి మంచి బేరం కుదర్చాలి. మన ఎదురు కొండ మీద ఆడవాళ్ళ పిస్తా తోట మీకు తెలిసిందే. తలా కాస్త నేల. వాళ్ళ మగవాళ్ళంతా మీలాగే రష్యాలో ఉన్నారు. ఆ తోటకు పెద్ద ఒయ్‌నీసో అక్క. ఆవిడ నోరూ మీకు తెలిసిందే.

పోయిన చలికాలం నేను కొండెక్కేసరికి అక్క గొడ్డలి పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు.

"ఈ చెట్లు ఇన్నేళ్ళుగా ఒక్క కాయ ఇచ్చిన పాపాన పోలేదు. వాన నీళ్ళు మాత్రం తాగుతాయి. కొట్టేసి పొయ్యిలో పెడతా" అంది.

"అక్కా, అవి మగచెట్లు. అవి కాయవు. వాటి పుప్పొడి గాల్లో వచ్చి పడితేనే ఆడచెట్ల కాయల్లో పప్పు పడుతుంది. లేకపోతే పెంకు పెరుగుతుంది గానీ లోపలంతా తాలే."

"మగాళ్ళ సంగతి నాకు నువ్వు చెబుతావటే? మా ఆయన వెళ్ళి ఎన్నేళ్ళయింది? నా ఇంట్లో ఏ పని ఆగింది?"

"ఏదీ ఆగలేదులే అక్కా. కానీ నీ పిల్లలంతా ఆయన వెళ్ళక ముందు పుట్టినవాళ్ళే కదా!"

ఆడవాళ్ళు కొండ దద్దరిల్లేలా నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. తర్వాత మంచు పడి దారులు మూసుకుపోయాయి. మంచు కరిగాక వెళ్ళి చూస్తే కొండ మీద ఒక్క మగచెట్టు మిగల్లేదు. అన్నీ రొట్టెల పొయ్యిలో బూడిదైపోయాయి.

ఆ తోట నిండుగా కాయాల్సిన మొదటి ఏడాది ఇది. దుషాంబే పట్నం నుంచి ఒక వ్యాపారి కొండ మొత్తం పంట కొంటానన్నాడు. ఆ మాట నమ్మి ఆడవాళ్ళు పత్తి చేలో కూలికి పోవడం మానుకున్నారు. కాయలు తాలుపోతే వాళ్ళిక చెట్టు ముఖం చూడరు, కొండ మళ్ళీ మేకల పాలవుతుంది. అక్క మీద అరవాలనిపించింది. కానీ మొగ్గలు ఉబ్బుతున్నాయి, అరుచుకుంటూ కూర్చునే తీరిక లేదు.

గట్టు అవతల ఎర్గాష్ మామ మేత కొండ మీద అడవి పిస్తాలున్నాయి, వాటిలో మగవి బోలెడు. మామకు మన తోటంటే మంట. మన కంచె వచ్చి ఆయన మేకలు వాగుకు దిగే దారి మూసేసింది. అయినా వెళ్ళి, మగపూలు కోసుకోనిమ్మని అడిగాను.

"కంచె వేసేటప్పుడు గుర్తుకురాని మామ, పూలు కావాల్సొచ్చేసరికి గుర్తొచ్చాడా?" అన్నాడు.

"తప్పే మామా. నీ మేకలకు దారి వదులుతాం. రెండు పక్కలా ముళ్ళకంప మేమే కట్టుకుంటాం."

"నువ్వు కాదు, ఆ ఒయ్‌నీసో వచ్చి అడగాలి. నా మేకల్ని రాళ్ళతో కొట్టింది ఆవిడే."

అక్కను తీసుకెళ్ళాను. ఆయన ముందుకెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అన్నా, నీ మేకల్ని నేను కొట్టాను. నా మొక్కల్ని నీ మేకలు తిన్నాయి. దానికీ దీనికీ చెల్లు. ఇప్పుడు పూలిస్తావా, ఇవ్వవా?"

మామ చేతికర్ర మీద వాలిపోయి మరీ నవ్వాడు. పూలిచ్చాడు, పైగా టీ తాగనిదే కదలనివ్వలేదు.

ఆ పూగుత్తులను అత్తయ్య గదిలో కాగితాల మీద ఆరబెట్టాను. గదంతా పసుపురంగు పొడి. "ఈ వయసులో నా పడక చుట్టూ మగపూలు పరిచావేమిటే, నలుగురూ వింటే ఏమనుకుంటారు!" అని అత్తయ్య ఒకటే నవ్వు. ఆ పొడిలో కాస్త గోధుమపిండి కలిపి, పాత పల్చటి మేజోళ్ళలో పోసి, పొడుగు కర్రలకు కట్టాం. ఆడపూలు విచ్చిన పొద్దుల్లో ఆ కర్రలు కొమ్మల మధ్య తడుతూ వరుస వరుసా తిరిగాం. వాన పడితే అంతా కొట్టుకుపోతుందని మబ్బు కనిపించినప్పుడల్లా దేవుడికి మొక్కుకునేదాన్ని. వాన పడలేదు. ఒయ్‌నీసో అక్క తన వరుసలయ్యాక పక్కవాళ్ళ వరుసలూ తనే చేసింది.

కాయలు విరగకాశాయి. కానీ పైకి చూస్తే తాలుకాయా గట్టికాయా ఒకేలా ఉంటాయి. కోతనాడు వ్యాపారి మనిషి ఒక తొట్టినిండా నీళ్ళు పోయించాడు. అందులో పోస్తే తాలువి తేలతాయి, పప్పున్నవి మునుగుతాయి. అక్క చూడలేక అటు తిరిగి నిలబడింది.

"మునిగాయా? ఎవరైనా చెప్పి చావండే!"

మునిగాయండీ. ఏ కొండ మీదైనా తేలినట్టే కాసిని తేలాయి, మిగతావన్నీ రాళ్ళలా అడుక్కి పోయాయి. ఆ మనిషి మొత్తం తీసుకుంటానన్నాడు. అక్క నేల మీద కూలబడి బిగ్గరగా ఏడ్చింది. ఏడుపు ఆగాక లేచి నా భుజం పట్టి ఊపేస్తూ, "ఆ రోజు నా చేతిలోంచి గొడ్డలి లాక్కుని ఉండాల్సింది కదే!" అని నన్నే తిట్టింది. కోత ముగియగానే తనే నా వెంటపడి, గాలి వచ్చే వైపు ప్రతి వరుస మొదటి చెట్టుకూ మగచెట్టు మొగ్గలు అంటు కట్టించింది.

ఇక మీరు అసలు అడిగిన మాట. గది దొరికింది, చలి ముదరక ముందే మనీజాను తీసుకుని వచ్చెయ్యమన్నారు. ఇంతసేపూ ఆ మాట చుట్టూనే తిరిగాను.

నేను రావడం లేదు.

తోటకు పైనున్న బీడు వాలు ఊరి పెద్దల దగ్గర నా పేరు మీద దీర్ఘకాలం కౌలుకు తీసుకున్నాను. పిస్తా మొక్కలు నాటేశాను కూడా. మిమ్మల్ని అడగలేదు. అడిగితే "ముందు ఇక్కడికి రా, తర్వాత చూద్దాం" అనేవారు. మొక్కకు తర్వాత అనే మాట తెలియదు. అత్తయ్యకు చెబితే ముందు మండిపడ్డారు. ఓ పొద్దున పార తెచ్చి నా చేతికిచ్చి, "నీ పని నువ్వు చేసుకో. నా కొడుక్కి మాత్రం దాచకుండా రాయి" అన్నారు. అందుకే రాస్తున్నాను.

కోపమొస్తే రానివ్వండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ ఇక్కడికొచ్చి ఎదురుగా తిట్టండి. మనీజాను మీ దగ్గరికి పంపించి నేనిక్కడ ఉండాలన్నా, తల్లీబిడ్డలను ఇక్కడుంచి మీరు అక్కడే ఉండిపోవాలన్నా నా మనసు ఒప్పుకోవడం లేదు.

మన వాలు నెత్తిన ఊట ఉంది, మొక్కలు కింద ఉన్నాయి. ఇప్పటికి డబ్బాలతో నీళ్ళు మోసి పోస్తున్నాను. మీరక్కడ పరాయివాళ్ళ మేడలకు గొట్టాలు బిగించి ఎక్కడో పై అంతస్తుకు నీళ్ళెక్కిస్తున్నారు. ఇక్కడ ఎక్కించక్కర్లేదు, కిందికి దించితే చాలు. గొట్టాలు తెప్పించి ఉంచుతాను. కాలువ ఎటునుంచి తవ్వాలో మాత్రం మీరొచ్చి చూపించేదాకా పార వెయ్యను.

ఇట్లు,
మీ ఇల్లాలు, మనీజా తల్లి
సావ్రీగుల్