ఎడమ పక్క, పక్కటెముకల కింద

ఫిబ్రవరి 2, ఆదివారం. మదనపల్లె

తమ్ముడు దేవేంద్రకు ఉన్నది ఒక్కటే కిడ్నీ. కుడిది పదేళ్ల కిందటే తీసేశారు. ఇప్పుడు ఎడమదానికి పోయే రక్తనాళం బుడగలా ఉబ్బింది. పగిలితే మనిషి దక్కడు. లోపల ఉండగా బాగు చేయలేరట.

పుంగనూరు మీదుగా బోయకొండకు పోయి గంగమ్మకు ముడుపు కట్టాను. తల్లి తన చెయ్యి ఎక్కడ పెట్టి కాపాడాలో చెప్పాను. ఎడమ పక్క, పక్కటెముకల కింద.

ఫిబ్రవరి 6, గురువారం. కుప్పం, ఆసుపత్రి

ఈరోజే ఆపరేషన్. కిడ్నీని బయటికి తీసి, ఐసులో పెట్టి, నాళం బాగుచేసి, మళ్లీ వాడికే పెడతారట. మోటారు పైకి లాగి రిపేరు చేసి బోరులోకి దించినట్టే గదా వదినా అని మరదలు సుమలత నవ్వబోయి ఏడ్చింది.

మధ్యాహ్నం 1.10

ఇప్పుడది బయట ఉందని నర్సు చెప్పింది. తమ్ముడు ఒకే గదిలో రెండు చోట్ల ఉన్నాడు.

సాయంత్రం

పెట్టేశారు.

ఫిబ్రవరి 7

యూరిన్ లేదు. కిడ్నీ ఇంకా నిద్రలో ఉందన్నాడు డాక్టరు. లేవకపోతే జీవితాంతం డయాలసిసే.

ఫిబ్రవరి 8

దేవేంద్ర నన్ను కసురుకున్నాడు. చెయ్యి తియ్యక్కా, ఐసు మాదిరి ఉండాది అన్నాడు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. యాడప్పా అంటే ఎడమ పక్క చూపించాడు, పక్కటెముకల కింద. ఎవురో తడుముతాండారు, ఏందో పోగొట్టుకున్నట్టు ఎతుకుతాండారు అన్నాడు. మందుల మత్తు అంది సుమలత.

ఫిబ్రవరి 9

యూరిన్ లేదు. చెయ్యి ఉందట.

ఎడమ పక్క అంత చల్లగా ఎందుకుందని డాక్టరును అడిగాను. ఆడేమీ లేదమ్మా, ఖాళీ అన్నాడు. దుప్పటి తీసి కొత్త చోటు చూపించాడు. కుడి పక్క, పొత్తికడుపులో, తుంటి ఎముక దగ్గర. బాగుచేసిన కిడ్నీని అక్కడే పెడతారట. ముందే చెప్పినా గదమ్మా అన్నాడు. చెప్పే ఉంటాడు.

నేను తల్లికి పాత అడ్రసు ఇచ్చాను.

ఫిబ్రవరి 10, సోమవారం. బోయకొండ

కుప్పంలో మొదటి బస్సుకే బయల్దేరాను. ఏం మొక్కుకోవాలమ్మా అన్నాడు పూజారి. మొక్కు కాదు స్వామీ, చోటు మార్చి చెప్పాలన్నాను. నోటితో చెబితే మళ్లీ తప్పు పోతుందేమోనని నా ఒంటి మీదే చెయ్యి పెట్టి చూపించాను. కుడి పక్క, తల్లీ. ఇంకా కింద. ఇదిగో, ఇక్కడ.

11.40

సుమలత ఫోన్. సంచిలోకి యూరిన్ వస్తాండాది వదినా, వస్తాండాది అని ఒకటే అరుపు. దేవేంద్ర ఒంటి మీది ఆ చెయ్యి కూడా పోయిందట.

ఫిబ్రవరి 12. కుప్పం

తమ్ముడు రెండు ఇడ్లీలు తిన్నాడు.

నా కుడి పక్క, కింద, తల్లికి చూపించిన చోటే, ఐసు మాదిరి వేళ్లు. వెతకడం లేదు. ఊరికే పెట్టి ఉన్నాయి.

తియ్యమనలేదు.