వేలి మందం తేడా

అహ్మది,
1990 సెప్టెంబరు

చిన్నాయనా,

కోపంలో ఉన్నాను, నమస్కారాలు తర్వాత. ఈ దేశాన్ని ఆక్రమించిన సైన్యంలోని ఆ ఇరాకీ అధికారికి క్షమాపణ చెబితే పాస్‌పోర్టు తిరిగిస్తాడనీ, లేకుంటే శుక్రవారం మనవాళ్లను ఇంటిదారి పట్టించే జోర్డాన్ బస్సు నన్ను వదిలేసి పోతుందనీ కబురు పంపావు. నేను చెప్పను. ఎందుకో విను.

క్లబ్బులో నా పని బోచీ ఆటకు కొలతలు చూడడం. ముందు చిన్న గుండు విసురుతారు. తర్వాత ఇద్దరూ తలా నాలుగు పెద్ద గుండ్లు దాని దగ్గరికి దొర్లిస్తారు. అందరికన్నా దగ్గరగా చేర్చినవాడికే పాయింట్లు. అవతలివాడి గుండ్లన్నిటికన్నా దగ్గరగా వాడివి ఎన్నుంటే అన్ని పాయింట్లు. రెండోవాడికి సున్నా. ముందు పన్నెండు చేసినవాడిదే గెలుపు.

నిన్న అధికారి తన సిపాయితోనే ఆడాడు. ఇద్దరూ పదకొండు దగ్గర ఉన్నారు. దారం పెట్టి మూడుసార్లు కొలిచాను. అధికారి నల్ల గుండుకన్నా సిపాయి తెల్ల గుండే వేలి మందం దగ్గరగా ఉంది.

"ఖలాస్, ఇక చాలు, దొరకే ఇచ్చేయ్," అన్నాడు ఆ సిపాయే.

"నీ గుండును నువ్వే కాదంటే ఎట్లరా?" అని తెలుగులోనే అరిచాను. అధికారి నా చెంప పగలగొట్టి, నా జేబులోని పాస్‌పోర్టు లాక్కున్నాడు.

పరాయి సిపాయి కోసం నీకెందుకురా అంటావు. ఊళ్లు దోచే ఆ సైన్యంలో వాడూ మనలాంటి కూలివాడే. భయపడి నువ్వు పొయ్యిలో వేసిన నా కూలిసంఘం కరపత్రాల్లో ఉన్నదీ అదే.

రేపు అందరి ముందూ మళ్లీ కొలవమన్నాడు అధికారి. గుండ్లు అట్లే ఉన్నాయి. నువ్వు రా, దారం నీ చేతికే ఇస్తాను. నల్లదే దగ్గరని తేలితే అక్కడే క్షమాపణ అడుగుతాను. తెల్లదైతే మాత్రం, నా పక్కన నిలబడి ఆ మాట గట్టిగా చెప్పు.

నీ అన్న కొడుకు